పాలపిట్ట కోసం మూడు స్టేషన్ల ప్రయాణం

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్లుగా జనరల్ నాలెడ్జి బిట్లు చెబుతున్నాను. రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర జంతువు మచ్చల జింక, రాష్ట్ర పువ్వు తంగేడు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పోయిన వారం స్వరూప అనే విద్యార్థిని లేచి, "సార్, మీరు పాలపిట్టను ఎప్పుడన్న చూసిన్రా?" అంది. క్లాసంతటి ముందు లేదనడానికి నోరు రాలేదు. "బోలెడుసార్లు! ఆదివారం రండి, మీకూ చూపిస్తా" అనేశాను. నేను పుట్టింది గుడివాడ దగ్గర. ఆ పిట్టను బిట్ల పుస్తకం అట్ట మీద తప్ప ఎక్కడా చూసిన పాపాన పోలేదు.

ఆదివారం ఎనిమిదింబావుకి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లో స్వరూప, మరో ముగ్గురు పిల్లలు సిద్ధం. మూడో స్టేషనే ఎల్బీ నగర్, పది నిమిషాలు కూడా పట్టలేదు. దిగి ఇడ్లీలు తిన్నాం. పిట్ట కనిపించకపోతే రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని నిలబడను?

అక్కడి నుంచి వనస్థలిపురం జింకల పార్కుకి ఆటో ఎక్కాం. సంగతి విని డ్రైవరు నవ్వాడు. "దసరా నాడు గా పిట్టను చూస్తే మంచిదని మా ఊర్ల పొలాలెంబడి తిరుగుతం సార్. జర ఓపిక వట్టుండ్రి, కనవడ్తది."

తొమ్మిదిన్నరకి టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లాం. మీరు వెళితే టోపీ, నీళ్ల సీసా మరవకండి. జింకలు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి. పదకొండు దాటినా పాలపిట్ట జాడ లేదు. ఎండుకొమ్మ మీద గోధుమరంగు పిట్ట ఒకటి కూర్చునుంటే, "అదేదో మామూలు పిట్ట, పదండి పదండి" అని విసుక్కున్నాను.

స్వరూప కదల్లేదు. వాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మిగతావాళ్లకు వినబడకుండా నా పక్కకొచ్చి, "సార్, గదే పాలపిట్ట. కూసుంటే గట్లనే ఉంటది. ఎగిరినంక చూడుండ్రి" అంది. అనడమే ఆలస్యం, అది రెక్కలు విప్పింది. అబ్బబ్బ, ఏం నీలమండీ అది! యాభై ఏళ్ల మనిషిని, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

పన్నెండున్నరకి తిరుగు మెట్రో ఎక్కాం. ఎదుటి సీట్లో మా కోస్తా పెద్దావిడ ఒకరు, "పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లొస్తున్నారు మాస్టారూ?" అని పలకరించారు. స్వరూప కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా గుట్టు ఎవరికీ చెప్పలేదా పిల్ల. నాకే ఇక దాచబుద్ధి కాలేదు.

"పాలపిట్టను చూసొస్తున్నామండీ. బుద్ధెరిగాక నేను దాన్ని చూడటం ఇదే మొదలు. చూపించింది ఈ అమ్మాయే" అన్నాను గట్టిగా.

పిల్లలు నోళ్లు తెరిచి, ఆపైన పగలబడి నవ్వారు. పెద్దావిడా నవ్వారు.

"మరి చార్మినార్ ఎక్కిన్రా సార్?" అంది స్వరూప.

"ఎక్కలేదమ్మా" అన్నాను. లేదనే మాట ఇంత హాయిగా నేనెన్నడూ అనలేదు.