తిప్పి పంపిన సంజాయిషీ

మా తమ్ముడి వలన నాకు జరిగిన అన్యాయాలు, తేదీల వారీగా:

మాఘ పౌర్ణమి. మా మనవరాలికి చెవులు కుట్టించిన రోజు. ఇంటి నిండా బంధువులుండగా తమ్ముడు గోడవారగా కూర్చుని అందరినీ రాతిబొమ్మలా చూశాడు. పలకరించినవాళ్లను చూసి కూడా నవ్వలేదు. నా ఇంటి శుభకార్యాన్ని అవమానించాడు.

ఫాల్గుణ బహుళ పంచమి. రొయ్యల మేత లెక్క అడిగితే గొణిగాడు. గట్టిగా చెప్పమంటే మళ్లీ అదే గొణుగుడు. నన్ను లక్ష్యపెట్టడం మానేశాడు.

చైత్ర అమావాస్య ముందునాడు. పెద్ద గుంట అడుగుమట్టి వాసన చూసి, బాగుందన్నాడు. వారం తిరక్కుండా రొయ్య చచ్చి తేలింది.

వైశాఖ శుద్ధ పంచమి. సంజాయిషీ కోరాను. చదవడానికి వీలులేని చీమతలకాయల్లాంటి అక్షరాలతో అర కాగితం పంపాడు. ఎగతాళిగా భావించి తిప్పి పంపాను.

వైశాఖ పౌర్ణమి. కుడిచెయ్యి ఊపకుండా, కాలు ఈడ్చుకుంటూ, నలుగురూ చూస్తుండగా గట్టు మీద నడిచి ఇంటి పరువు తీశాడు.

ఈ జాబితా నా స్వహస్తంతో రాసుకున్నది. ఇందులో ఒక్క తేదీ కూడా తప్పు లేదు. తప్పంతా తేదీల పక్కన నేను రాసిన మాటల్లో ఉంది.

నేను సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడ కింది ఉద్యోగి పొరపాటు చేస్తే ముందు మెమో ఇస్తాం, తర్వాత సంజాయిషీ తీసుకుంటాం, ఆ పైన చర్య. సంజాయిషీ చదవకుండా ఏనాడూ ఎవరి మీదా చర్య తీసుకోలేదని నాకు గర్వం. ఆ ఒక్క నియమాన్నీ నేను ఉల్లంఘించింది సొంత తమ్ముడి విషయంలోనే.

కోట మండలంలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, మా నాన్న వరి పండించిన నేలలో మా ఇద్దరికీ కలిపి రెండు రొయ్యల గుంటలున్నాయి. కాగితాల పని నాది. నీళ్లు, మట్టి తమ్ముడివి. రొయ్య బతికేది నీళ్లలోనే అయినా దాని ప్రాణం గుంట అడుగున ఉంటుంది. తినగా మిగిలిన మేత, రొయ్య విడిచిన పొర అక్కడ పేరుకుని కుళ్లితే మట్టి నల్లబడి విషం ఊరుతుంది. తమ్ముడు నీళ్లలోకి దిగి, అడుగునుంచి గుప్పెడు మట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. మంచి మట్టికి తడిసిన వరిగడ్డి వాసన ఉంటుందనేవాడు. చెడినదానికి మురిగిన కోడిగుడ్డు వాసన. అతను తల అడ్డంగా ఊపితే ఆ రోజు మేత ఆపి నీళ్లు మార్చేవాళ్లం. పక్క గుంటలవాళ్లు కూడా అమావాస్య దగ్గరపడితే, రొయ్య పొర విడిచే రోజులు కనుక, అతన్ని బతిమాలి పిలుచుకుపోయేవాళ్లు. పరీక్ష సామాను తెప్పిస్తానని నేనెన్నోసార్లు అన్నాను.

"నా ముక్కు ఉండంగా నీకు సీసాలెందుకన్నా?" అనేవాడు.

రొయ్య తేలిన ఉదయం గట్టు ఎక్కకముందే ఆ కంపు నాకు తగిలింది. పైగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లాను. తమ్ముడు ఆ నీళ్ల ఒడ్డునే కూర్చుని, ఇంటినుంచి వచ్చిన పొంగణాలు నిదానంగా తింటున్నాడు.

"ఏంరా, ఈ కంపులో నీకు ముద్ద ఎట్ట దిగతా ఉంది?" అన్నాను.

నోటిదాకా వెళ్లిన చెయ్యి ఆగింది. "కంపా?" అన్నాడు, వినపడీ వినపడకుండా.

ఆ ఒక్క మాటను నేను పొగరుగా జమకట్టాను. ఇంటికి వచ్చి సంజాయిషీ కోరుతూ కాగితం రాశాను. అన్నదమ్ముల మధ్య అలాంటి కాగితం నడవడం మా వైపు ఎవరూ ఎరుగరు. తమ్ముడు జవాబు రాశాడు. మొదటి వరుసలో అక్షరాలు కాస్త తెలిసేటట్టున్నాయి. పోనుపోను సన్నబడి, చివరి వరుసకు నలుసులయ్యాయి. నేను చదివే ప్రయత్నం చెయ్యలేదు. పైన ఎర్రసిరాతో "చదువుటకు వీలుగా లేదు, తిప్పి పంపడమైనది" అని రాసి పంపేశాను.

పౌర్ణమినాడు పక్క గుంట రైతు ఒకాయన మా గట్టు మీద నిలబడి, నడిచి వస్తున్న తమ్ముణ్ణి చూసి కేకేశాడు.

"ఏందబ్బా, పొద్దన్నే ఏసుకున్నావా? గట్టంతా నీదే అయినట్టు వస్తా ఉండావే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తమ్ముడు ఏదో అన్నాడు, ఎవరికీ వినపడలేదు.

మా తమ్ముడు పుట్టి బుద్ధెరిగి తాగినవాడు కాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఉండి ఆ నవ్వు ఆపలేదు. పైగా దాన్నే సాక్ష్యంగా వాడుకున్నాను.

"ఈ తీరుగా గట్టెక్కేవాడికి గుంట అప్పజెప్పేది లేదు. పంటొస్తే నీ వాటా నీకొస్తుంది. నువ్వు మాత్రం నీళ్లలోకి దిగబాక," అన్నాను, అందరికీ వినపడేటట్టు.

తమ్ముడు తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ గట్టెక్కలేదు.

ఎండాకాలం అయిపోతుండగా మరదలు మా ఇంటికి వచ్చింది. "బావా, ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేకుండా ఉండాడు. నేను పెట్టబోతే కసురుకుంటా ఉండాడు. చెయ్యి వణకతా ఉందని ఇక్కడ చూపిస్తే వయసు వణుకని మాత్రలిచ్చినారు, తగ్గలా. నెల్లూరు తీసకపోదాం. మీరూ రండి."

"నేనెందుకమ్మా?"

"డాక్టరు అడిగితే ఈయన నోరు తెరవడు. మీరైతే తేదీతో సహా చెప్తారు."

అందుకని జాబితా ఫైలులో పెట్టుకుని వెళ్లాను. నిజం దాచను. తమ్ముడి ప్రవర్తన గురించి చదువుకున్న మనిషి ఎదుట ఫిర్యాదు చేసే అవకాశం దొరికిందనే ఉద్దేశం కూడా నాకుంది.

నరాల డాక్టరు మధ్యవయసు ఆవిడ. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగింది. నేను ఫైలు తెరిచి, ఆఫీసులో అభియోగాలు చదివినట్టు, మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆవిడ అడ్డురాకుండా రాసుకుంది. చదవడం పూర్తయ్యాక తన కాగితం చూసి తిరిగి చెప్పింది. "ముఖంలో కదలిక తగ్గింది. గొంతు తగ్గింది. అక్షరం చిన్నదైంది. కుడిచెయ్యి ఊగడం లేదు, కాలు ఈడుస్తున్నారు. చాలా వివరంగా రాశారయ్యా. ఆ చిన్న అక్షరాల కాగితం తెచ్చారా?"

"తిప్పి పంపేశానమ్మా," అన్నాను.

నేను అవమానం, నిర్లక్ష్యం, ఎగతాళి అని చదివిన మాటల్లో ఒక్కటి కూడా ఆవిడ కాగితం మీద లేదు.

తమ్ముడి చేత వేళ్లు ఆడించింది, నడిపించింది, మణికట్టు పట్టుకుని తిప్పి చూసింది. తర్వాత, "వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగింది. ఆవిడ బల్ల సొరుగులోంచి కాఫీపొడి సీసా తీసి, కళ్లు మూసుకోమని ముక్కు కింద పెట్టింది.

"ఏమిటిది?"

"సీసా, అమ్మా," అన్నాడు తమ్ముడు.

"అందులో ఏముంది?"

అతను చాలాసేపు గాలి పీల్చాడు. తర్వాత కళ్లు తెరిచి నా వైపు కాక భార్య వైపు చూశాడు. "నిరుడు మామిడిపూతప్పటికే లేదు," అన్నాడు.

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ రోజు పెద్ద గుంట మట్టి బాగుందని ఎట్ట చెప్పినావురా?" అన్నాను.

"రంగు చూసి చెప్తా వచ్చినాన్నా, సంవత్సరం పొడుగునా. ఆ పొద్దు మబ్బుగా ఉండింది. రంగు తెలీలా."

"నాకొక మాట చెప్పుండకూడదా?"

"చెప్తే నువ్వు రాసుకుంటావు కదన్నా."

ఆ గదిలో ఫైలు నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఇదివరకు వయసు వణుకని మందులు వాడారు కనుక, అదో కాదో తేల్చుకోవడానికి ఒక స్కానింగు కూడా చూస్తానని డాక్టరు చెప్పింది. పక్క గదిలోకి తీసుకెళ్లి, దీపాలు తగ్గించి, తమ్ముణ్ణి పడుకోబెట్టింది. చెవికి ముందు, కణత మీద చల్లని జిగురు రాసింది. అక్కడ ఎముక పలచగా ఉంటుంది కనుక శబ్దతరంగాలు లోపలికి పోయి మెదడు బొమ్మను తెస్తాయని వివరించింది. తమ్ముడు మిషను వైపు, ఆ పైన గోడకున్న బోర్డు వైపు చూశాడు. గర్భంలోని శిశువు ఆడో మగో ఇక్కడ చెప్పబడదని ఆ బోర్డు.

"అన్నా, ఇది కడుపుతో ఉండే ఆడోళ్లకు పెట్టే మిషను. బిడ్డ ఆడో మగో చెప్పరంట. రాసుకో," అన్నాడు.

మరదలు ఫక్కున నవ్వింది, డాక్టరు కూడా నవ్వింది. తమ్ముడి ముఖం మాత్రం కదలలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ మనిషి లోపల నవ్వుతున్నాడని. మా మనవరాలి చెవులు కుట్టించిన రోజున కూడా, గోడవారగా కూర్చుని, ఇలాగే సంతోషిస్తూ ఉండవచ్చునని.

కుడి కణత వైపు బొమ్మ సరిగా రాలేదు. ఎడమ వైపు వచ్చింది. తెర మీద బూడిదరంగులో, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారం. మెదడు కాండంలో పైభాగం అలా కనిపిస్తుందట. ఆ రెక్కల్లో నల్లగా ఉండవలసిన చోట ఒక తెల్లని చార మెరుస్తోంది. గుంట ఎండగట్టి సున్నం చల్లినప్పుడు ఒక మూల కుప్పగా పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నా కంటికి ఆనింది అదే. తమ్ముడికి కూడా అలాగే అనిపించిందేమో, "సున్నం ఎక్కువ పడిందన్నా," అన్నాడు.

డాక్టరు జాగ్రత్తగా మాట్లాడింది. "ఈ తెలుపు ఒక్కదాన్నే చూసి జబ్బని రాయను. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి కనిపిస్తుంది. కొందరికి ఎముక దళసరిగా ఉండి అసలు బొమ్మే రాదు. కానీ మీరు చదివినవి, నేను చేయించి చూసినవి, ఈ బొమ్మ, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. పార్కిన్సన్స్. మందులతో కొంత తేలికపడతారు."

"ఇది ఎప్పుడు వచ్చిందమ్మా?" అని అడిగాను. తేదీ అడగడం నా అలవాటు.

"తేదీ చెప్పలేమండీ. బయటికి ఏమీ తెలియకముందునుంచే ఉండి ఉండవచ్చు. మీ జాబితా మొదలుపెట్టకముందునుంచే."

మందులు మొదలయ్యాయి. ఇప్పుడు తమ్ముడు గుండీలు తానే పెట్టుకుంటున్నాడని మరదలు చెప్పింది. వెడల్పు గీతల పుస్తకంలో రోజూ పెద్ద అక్షరాలు రాయమని డాక్టరు చెప్పింది కనుక ఆ పుస్తకం కొని నేనే ఇచ్చి వచ్చాను. తీసుకున్నాడు. కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు, వానల సంగతి మాట్లాడాడు. గుంట మాట ఎత్తలేదు. నేను ఎత్తబోతే లేచి లోపలికి పోయాడు.

అతని మీద నా కోపం పూర్తిగా పోలేదని కూడా నమోదు చేస్తున్నాను. ముక్కు పోయిందని అన్నకు చెప్పుకోలేకపోవడం తప్పే. అయితే నాతో ఏం చెప్పుకున్నా అది రుజువుగా మారుతుందనే భయాన్ని అతనిలో పెంచినవాణ్ణి నేను. ఆ తప్పును ఏ తేదీ కింద రాయాలో నాకు తోచడం లేదు. అది ఒక్క రోజున జరిగింది కాదు.

వానలు పడగానే గుంటల్లో మళ్లీ రొయ్యపిల్ల వదలాలి. మొన్న చిన్న గుంటలోకి నేనే దిగాను. పంచె మోకాళ్లకు అంటుకుంటుండగా అడుగుమట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన వచ్చింది. అది మంచిదో చెడ్డదో తెలియలేదు. గుప్పిట్లో మట్టితో గట్టు వైపు తిరిగాను, అడగడానికి. గట్టు మీద ఎవరూ లేరు.

కావున తమ్ముడికి ఇందుమూలంగా తెలియజేయునది:

నీ సంజాయిషీని చదవకుండా తిప్పి పంపడం నియమ విరుద్ధం. ఆ ఎర్రసిరా రాతను రద్దు చేస్తున్నాను. ఆ కాగితం నీ దగ్గర ఉంటే అదే, చించేసి ఉంటే మళ్లీ రాసి, నాకు పంపవలెను. నువ్వు తాగి గట్టెక్కావన్న మాట అబద్ధమని, ఆ నవ్విన వాళ్లందరినీ అదే గట్టు మీద నిలబెట్టి నేను చెబుతాను. ఆ రోజు నువ్వు వచ్చినా, రాకపోయినా చెబుతాను.

ఇకపై మట్టి తీసేది, వాసన చూసేది నేను. నాకు ఏ వాసన తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అది మంచిదో చెడ్డదో గట్టు మీద నిలబడి తేల్చవలసినది నువ్వు. ఇందుకు నీకు సమ్మతమో కాదో, నా మీద నీకున్న అభియోగాలు ఏవేవో, తేదీలు వేసినా వేయకపోయినా సరే, పిల్ల వదిలేలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. మరదలి చేత రాయించరాదు. నీ చేత్తోనే రాయాలి. భూతద్దం తెప్పించుకున్నాను. అక్షరం ఎంత చిన్నదైనా ఈసారి తిప్పి పంపబడదు.