హ్యాండిల్ దాచిన కండక్టరు

ఆత్మకూరు బస్సు షెడ్డులో వరప్రసాదాన్ని ఏడాది పొడుగునా ‘ప్రసాదూ’ అనే పిలిచేవాళ్ళు. ఆయుధపూజ సాయంత్రం మాత్రం అతని పేరు ‘చెప్పుల గోతం’.

ఆత్మకూరు నుంచి వింజమూరు మీదుగా ఉదయగిరికి పోయే బస్సుకు అతను కండక్టరు. సుందరరామయ్య శెట్టి నడిపే మూడు బస్సుల్లో అది అన్నిటికన్నా పాతది. దాని సెల్ఫు స్టార్టరు ఎప్పుడో చచ్చింది. ఇనప హ్యాండిల్‌ను ముందు నుంచి ఇంజనులోకి దూర్చి, భుజం ఊడేట్టు నాలుగు చుట్లు తిప్పితే గాని లేవదు. ఆ హ్యాండిల్ లేకపోతే బస్సు రేకుల కొట్టంతో సమానం.

వరప్రసాదం తాగడు. ఈ సంగతిని వాళ్ళ సంఘంలో పాస్టరుగారు ఏటా ఒక ప్రసంగానికి వాడుకునేవారు. డ్రైవర్ల మధ్య తిరుగుతూ కూడా చెడిపోని విశ్వాసి అని పేరు చెప్పి మరీ మెచ్చుకునేవారు. నిజం అంత పవిత్రమైనదేమీ కాదు. పద్దెనిమిదో ఏట అతను కల్లు తాగి చూశాడు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి మూడు రోజులు గోక్కున్నాడు. దద్దుర్లకు దక్కాల్సిన పేరు విశ్వాసానికి దక్కింది. పాస్టరుగారిని సరిదిద్దాలని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

తాగేవాళ్ళను మాన్పించాలనీ అనిపించలేదు. ఏడాదంతా ఉదయగిరి దారి దుమ్ము మింగే మగవాళ్ళు ఒక్క రాత్రి సారా మింగుతామంటే కాదనడానికి అతనికి కారణం దొరకలేదు. తెల్లారేసరికి అందరూ ప్రాణాలతో ఉండాలి. ఎవరి కాళ్ళు వాళ్ళకుండాలి. అతని పట్టింపు అంతవరకే.

కాళ్ళ సంగతికి కారణం శీనయ్య. పంతొమ్మిది వందల నలభై ఆరులో శీనయ్య అదే బస్సుకు క్లీనరు. అప్పటికి కల్లుపాకలు రోడ్డు పక్కనే ఉండేవి. ఆ ఏడు ఆయుధపూజ రాత్రి పాకలో పొద్దుపోయేదాకా తాగి, వెన్నెల కంట్లో పడుతోందని శీనయ్య బస్సు కిందికి దూరి పడుకున్నాడు. కోడి కూసే వేళకు డ్రైవరు బస్సును వెనక్కి తీశాడు. వెనక నిలబడి ‘రైట్, రైట్’ అన్నది వరప్రసాదం. ఉద్యోగంలో చేరి అతనికి అప్పటికి నాలుగు నెలలు. నెల్లూరు ఆసుపత్రిలో శీనయ్య కుడికాలును మోకాలి పైకి తీసేశారు. తర్వాత శెట్టి అతన్ని షెడ్డులోనే కూర్చోబెట్టి ట్యూబుల పంక్చర్లు అతికే పని ఇచ్చాడు.

శీనయ్య ఆ ముచ్చట ఎత్తి వరప్రసాదాన్ని ఒక్కసారీ నిందించలేదు. పైగా పరాచికాలాడేవాడు.

“నా కాలి మీద ఒట్టురా, ఇంక తాగను.”

“ఏ కాలి మీదరా?”

“పోయిందే, దాని మీద. ఉండేదాని మీద ఎట్ట ఒట్టేసేది?”

అందరూ నవ్వేవాళ్ళు. వరప్రసాదం కూడా నవ్వేవాడు. కాని ఆ నాటి నుంచి ఒంగి బస్సు కింద చూడకుండా అతని నోటివెంట ‘రైట్’ అన్న మాట రాలేదు.

తర్వాత రెండేళ్ళకు మద్యనిషేధం వచ్చింది. గోడల మీద బొమ్మలు వేశారు, సభలు పెట్టారు. ఆత్మకూరులో తాగుడు మాత్రం ఆగలేదు, కూర్చునే చోటు మారింది. పాక పోయి షెడ్డు వెనక తాటితోపు వచ్చింది. కల్లు పోయి సారా వచ్చింది. అది సీతారామపురం కొండల దాపున కాగి, పాత ట్యూబుల్లో నిండి, స్టెప్నీ టైరులో చుట్టుకుని, టిక్కెట్టు లేకుండా ఉదయగిరి బస్సులోనే దిగేది. రబ్బరు వాసన కొట్టేది. పట్టుబడితే జైలు, డ్రైవరైతే లైసెన్సు కూడా పోతుంది. ఇంత భయం మధ్య తాగేవాడు నిదానంగా తాగడు, ఎవరో వచ్చేలోపల అయిపోవాలన్నట్టు తాగుతాడు. నిషేధం తెచ్చిన పెద్దలకు ఈ తేడా తెలిసినట్టు లేదు.

వరప్రసాదానికి తెలిసింది. అతను ఒక పద్ధతి పెట్టాడు. ఆయుధపూజ నాడు పొద్దుగూకకముందే అందరూ తోపు పక్కనున్న అతని ఇంటి ముందుకు రావాలి. అతని భార్య రెబెకమ్మ వండిన రాగిసంగటి, తలకాయ కూర కడుపునిండా తినాలి. వట్టి కడుపుతో తోపులోకి పోవడానికి లేదు. తిన్నవాడు చెప్పులు విప్పి గోతంలో వేయాలి. ఆ తోపు చుట్టూ నేలంతా పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. తాగినవాడు ఎంత మగాడైనా వట్టి కాళ్ళతో అక్కడ పది అడుగులు పోలేడు. బావి వైపుకూ పోడు, రోడ్డు మీదికీ పోడు. డ్రైవరు హ్యాండిల్ తెచ్చి ఇవ్వాలి. దాన్ని రెబెకమ్మ కోళ్ళగంప కింద దాచేది. మత్తు దిగాక వరప్రసాదం ఒక్కొక్కణ్ణి లాంతరు వెలుగులో ముళ్ళు తప్పించి ఇంటి గడప దాకా దించి, అక్కడ చెప్పులు తిరిగి ఇచ్చేవాడు.

“ఏందిరా ఇది, మమ్మల్ని దొడ్లో కట్టేసినట్టు!” అని డ్రైవరు పెంచలనరసింహం ఏటా రుసరుసలాడేవాడు. ఏటా చెప్పులు మొదట వేసేది కూడా అతనే.

యాభై రెండులో ఆయుధపూజ నాడు మధ్యాహ్నమే బస్సు నిలిపేశారు. మిగతా రెండూ నెల్లూరులో ఉన్నాయి. శెట్టి స్వయంగా వచ్చి బస్సుకు పసుపు, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. స్పానర్లూ, జాకీ అమ్మవారి పటం ముందు పెట్టించి, “రేపు పొద్దున దాకా ఎవరూ వీటిని కదపకూడదు” అని గట్టిగా చెప్పి వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళకు ఆయనే తిరిగి వచ్చాడు.

షెడ్డులో పెట్రోమాక్స్ కింద వరప్రసాదం ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళంతా తోపులో చేరి అప్పటికి గంటన్నర. శెట్టి మంచి హుషారుగా ఉన్నాడు.

“ప్రసాదం, బండి తీయించు. మా ఆడవాళ్ళు ఉదయగిరి పోవాలంటా ఉండారు. మా ఇంటామె పద్మావతమ్మ అన్నగారింట్లో పేరంటం. పిల్లాజెల్లా కలిసి పద్నాలుగు మంది. అరగంటలో ఇంటికాడికి రావాల.”

వరప్రసాదం లోపల లెక్క వేసుకున్నాడు. దారిలో రెండు వాగులు, వింజమూరు దాటాక గుంతల రోడ్డు. బస్సులో పద్నాలుగు మంది. స్టీరింగు ముందు ట్యూబు సారా తాగిన పెంచలనరసింహం. ఆ మాట పైకి చెప్పడానికి లేదు. చెబితే శెట్టి పోలీసులకు చెప్పకపోవచ్చు, కాని డ్రైవరును మాత్రం మర్నాడే తీసేస్తాడు. పెంచలనరసింహానికి నలుగురు పిల్లలు. బండి నడపడం తప్ప ఇంకో పని రాదు.

“పూజలో పెట్టిన బండి గదా శెట్టిగారూ. తెల్లారేదాకా కదపకూడదని తమరే చెప్తిరి.”

శెట్టికి నవ్వు వచ్చింది. “మీ మతంలో లేని శాస్త్రం నీకెందుకయ్యా! కదపకూడదన్నది పనిముట్లని. బండి వాహనం. వాహనం అమ్మవారి సేవకు పోతే దోషం లేదులే.”

మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య శాస్త్రం ఇంత సులువుగా ఎట్లా మారిందో అడిగే హోదా కండక్టరుకు లేదు.

“డ్రైవరు ఇంటికి పోయినాడయ్యా. పండగ గదా.”

ఆ మాట పూర్తి కాకముందే షెడ్డు వెనక నుంచి పెంచలనరసింహం వచ్చాడు. యజమాని గొంతు విన్నాడు, మీసం మీద చెయ్యి పోయింది, వచ్చేశాడు. వట్టి కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నా నెప్పి తెలియనంత ధైర్యంలో ఉన్నాడు. వెలుగు అంచున, కర్ర మింగినట్టు నిటారుగా నిలబడ్డాడు. శెట్టి ముప్ఫయ్యేళ్ళుగా నశ్యం పీలుస్తున్న మనిషి. ఆ ముక్కుకు వాసనలతో పని లేదు.

“ఉదయగిరే గదా శెట్టిగారూ! ఎంత సేపు! కళ్ళు మూసుకుని పోతాను.”

“అదిరా మాటంటే. హ్యాండిల్ తీసుకురా.”

పెంచలనరసింహం జేబులు తడుముకున్నాడు, మూడడుగుల ఇనప కడ్డీ జేబులో ఉన్నట్టు. తర్వాత గుర్తొచ్చింది.

“ప్రసాదూ, నీకే గదరా ఇచ్చినాను హ్యాండిలు? యాడ పెట్నావు?”

శెట్టి వరప్రసాదం వైపు తిరిగాడు. హ్యాండిల్ యాభై అడుగుల దూరంలో కోళ్ళగంప కింద ఉంది.

“ఇచ్చినాడయ్యా. నేనే పోగొట్టినాను.”

“పోగొట్టినావా?”

“మధ్యాహ్నం కడగడానికని చెరువుకాడికి తీసకపోయినాను. జారి నీళ్ళలో పడింది. దొరకలా.”

“తోయించు అయితే. మనుషులేరి?”

“అందరూ ఇళ్ళకు పోయినారు. తోసేదానికి ఎనిమిది మంది కావాల.”

శెట్టి హుషారు దిగిపోయింది. ఇంటికాడ పద్నాలుగు మంది పట్టుచీరలతో, మూటలతో వాకిట్లో నిలబడి ఉన్నారు. వాళ్ళకు ఆయన ఇప్పుడు వెళ్ళి జవాబు చెప్పుకోవాలి.

“ఆరేళ్ళ నించి జీతమిస్తా ఉండాను. ఒక్క ఇనప ముక్క కాపాడలేవా? రేపటి నించి షెడ్డు గడప తొక్కబాకు.”

పెంచలనరసింహం నోరు తెరిచాడు. వరప్రసాదం అతని వట్టి పాదం మీద కాలేసి గట్టిగా తొక్కాడు. ముల్లు ఇంకా లోపలికి దిగింది. నోరు మూతపడింది.

ఆ రాత్రి కూడా వరప్రసాదం అందరినీ ఇళ్ళకు దించాడు. తెల్లారాక హ్యాండిల్ తెచ్చి పటం ముందు జాకీ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని చూసి శెట్టికి కోపం రెట్టింపైంది. చెరువులో పడింది ఎలా వచ్చింది? దాచి అమ్ముకోవాలనుకుని, భయపడి తిరిగి పెట్టాడని ఆయన తేల్చుకున్నాడు. షెడ్డులో పది మందికి అసలు సంగతి తెలుసు. చెబితే తాము తాగామని చెప్పినట్టే. ఎవరూ చెప్పలేదు. శీనయ్య ఒక్కడు ఊతకర్ర తీసుకుని శెట్టి ఇంటికి బయలుదేరాడు. వరప్రసాదం దారిలో ఆపి వెనక్కి తిప్పాడు.

“నీకు ఒక కాలు, ఒక ఉద్యోగం మిగిలుండాయి. రెండూ ఉంచుకో.”

సంఘంలో ఇంకో కథ పుట్టింది. పండగ రాత్రి, తాగుబోతుల తోపు, మర్నాడు ఉద్యోగం పోవడం. ఈ మూడూ కలిపితే ఎవరికైనా ఒకటే అర్థం. పాస్టరుగారు విచారించి, విచారపడి, మూడు నెలలు అతన్ని గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభురాత్రి భోజనానికి రావద్దన్నారు. అది విని రెబెకమ్మ మండిపడింది.

“దద్దుర్ల సంగతి చెప్పొచ్చు గదయ్యా వాళ్ళకి!”

“ఇన్నేళ్ళు మెచ్చుకున్నప్పుడు చెప్పలేదు గదా. ఇప్పుడేం చెప్పేది?”

బస్సులు ఆగే అడ్డా దగ్గర సైకిలు బాగు చేసే కొట్టు పెట్టాడు. ఒక పంపు, రెండు పానాలు, పంక్చరు అతకడానికి శీనయ్య నేర్పిన చెయ్యి. ఉదయగిరి బస్సు రోజుకు రెండుసార్లు ఎదురుగా ఆగేది. కొత్త కండక్టరు కిందికి చూడకుండానే ‘రైట్’ అనేవాడు. అప్పుడు వరప్రసాదం చేతిలో పని ఆపి, కూర్చున్న చోటి నుంచే తల వంచి చక్రాల కింద ఒకసారి చూసేవాడు.

మరుసటి ఏడు ఆయుధపూజ వచ్చింది. పొద్దు వాలుతోంది. వరప్రసాదం ఇంటి ముందు చింతపుల్లలు చీలుస్తున్నాడు. తోపు వైపు నుంచి పెంచలనరసింహం వట్టి కాళ్ళతో, చూసి చూసి అడుగులేస్తూ వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు. భుజం మీద గోతం. ఏడాదిగా అతను ఈ ఇంటి వైపు రాలేదు. బస్సు ఆగినప్పుడు కూడా కొట్టు వైపు చూసేవాడు కాదు.

తువ్వాలు విప్పి హ్యాండిల్‌ను అరుగు మీద పెట్టాడు. గోతం కింద దించాడు.

“శెట్టిగారికి చెప్పాలని శానా తూర్లు అనుకున్నానురా ప్రసాదూ.”

“చెప్తే నీ లైసెన్సు పోతాది. నా ఉద్యోగం రాదు. తిన్నారా?”

“లేదు. తిండి మాట ఎవరికీ గుర్తులా.”

“సరుకు మొదలుపెట్టినారా?”

“ఇంకా లేదు. ట్యూబు ఇప్పుడే దించినారు.”

రెబెకమ్మ లోపల నుంచే అంతా వింటోంది. బయటికి వచ్చి, అతనితో ఒక్క మాట మాట్లాడకుండా హ్యాండిల్ తీసుకుని కోళ్ళగంప ఎత్తింది. పెట్ట అరుచుకుంటూ బయటికి దూకింది. తర్వాత పెద్ద సట్టి పొయ్యి మీదికి ఎక్కించింది.

వరప్రసాదం గోతం కుమ్మరించి చెప్పులు జతలు జతలుగా పేర్చాడు. ఒకసారి చూసి, మళ్ళీ చూశాడు.

“మీరు ఎంతమంది?”

“పది మంది. శీనయ్యది ఒక్క చెప్పే, అది జత కింద వేసుకో.”

“వేసుకున్నా. అయినా తొమ్మిదే ఉండాయి.”

పెంచలనరసింహం మెడ గోక్కున్నాడు. “కొత్త డ్రైవరొకడు ఉండాడు, రామనారాయణ. కావలి మనిషి. నేనేమన్నా పసిబిడ్డనా, చెప్పులు ఇచ్చేదానికి అని ఎగతాళి చేసినాడు. నెల్లూరు బండి ఈ పొద్దు వానిది. దాని సెల్ఫు కూడా పోయింది, హ్యాండిలు వాని కాడే ఉండాది.”

వరప్రసాదం గొడ్డలి పక్కన పెట్టాడు. లోపలికి పోయి లాంతరు తెచ్చాడు. ఇంకా వెలుతురు ఉండగానే దాన్ని ముట్టించి, పదో జత కోసం తోపు వైపు నడిచాడు.