గదికో గోడ

కారులో హీటర్ వేయగానే మొదట వచ్చే గాలికి ఒక వాసన ఉంటుంది, వేడెక్కిన దుమ్ము వాసన. మిస్సిసాగాలో ఆఫీసుకు వెళ్తూ 401 హైవే మీద బండ్ల వరుసలో ఆగిపోయిన చలికాలపు ఉదయాల్లో, ఆ వాసనతో పాటు సుభద్ర ఆంటీ గుర్తొస్తారు. నేను దగ్గరగా ఎరిగిన కవయిత్రి ఆవిడ ఒక్కరే. ఆవిడ కవితలు పుట్టింది కారులోనే.

ఇక్కడికి రాకముందు, రెజైనా అనే ఊళ్ళో చదువుకునే రోజుల్లో పరిచయం. కాలేజీలో నేర్చింది కంప్యూటర్లు. సాహిత్యం మాత్రం లైబ్రరీ పెట్టిన భిక్ష. అక్కడ తెలుగుకు ఉన్నది ఒకే ఒక్క అర, ఎవరెవరో ఇచ్చిపోయిన పాత పుస్తకాలతో. ఆ అర మొత్తం చదివేశానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఒక శనివారం ఆంటీ ఆ అర దగ్గరే కలిశారు. "ఈ చలిలో బస్సు కోసం నిలబడతావా? పద, దింపుతాను" అన్నారు. అప్పటి నుంచి శనివారాలు ఆవిడ కారులోనే ఇంటికి వెళ్ళేదాన్ని.

ఆవిడ భర్త రిటైరైన ప్రొఫెసర్. పద్యాలు రాసేవారు, తెలుగు సంఘం కవి సమ్మేళనానికి ఆయనే అధ్యక్షులు. ఆంటీ కాగితం మీద ఏం పెట్టినా ఎర్ర పెన్నుతో దిద్దేవారు. కోపంతో కాదు, ఎంతో ప్రేమగా దిద్దేవారు. అందుకే ఆంటీ రాయడం మానేసి, స్టీరింగ్ పట్టుకుని పైకి చెప్పుకునేవారు.

"ఫోన్ల రికార్డ్ చేస్త ఆంటీ?" అని అడిగానొకసారి.

"వద్దే అమ్మాయ్. ఎలాగోలా మీ అంకుల్ చేతికి చేరుతుంది. గాలిని దిద్దలేరు కదా!" అని నవ్వారు. నేను పుస్తకాల్లో చదివిందంతా ఒలకబోసి లయ గురించి మొదలుపెడితే, "ఓయబ్బో, విమర్శకురాలు! ముందు సీటు బెల్టు పెట్టుకో" అనేవారు.

ఆ చలికాలం ఒక కవిత చెప్పారు.

గాలికి అడ్డొచ్చే కొండ లేదు ఈ ఊళ్ళో,
నా మాటకే గదికో గోడ.
గోడకు నచ్చేట్టు పలికి పలికి
విసుగొచ్చింది నాకు.

"ఇది ఉగాదికి సదవాలె ఆంటీ" అన్నాను. రెండు సిగ్నళ్ళు దాటాక సరేనన్నారు. కానీ వేదిక మీద చదవాలంటే ముందుగా కాగితం ఇవ్వాలని సంఘం నియమం. తర్వాతి శనివారం కారెక్కగానే చెప్పారు: "మీ అంకుల్ గోడ తీసేసి నీడ పెట్టారు. విసుగు తీసేసి ఓర్పు పెట్టారు. 'ఇప్పుడు కవితలా ఉంది సుభద్రా' అన్నారు."

"మీరు మాత్రం మీ మాటే సదవండి."

"చదువుతాను. చూస్తూ ఉండు."

ఉగాది నాడు స్కూల్ హాల్లో "ఇప్పుడు ప్రొఫెసర్ గారి శ్రీమతి" అని పిలిచారు. పేరు చెప్పలేదు. ఆంటీ కాగితం మడిచి మైకు ముందు నిలబడ్డారు. రెండో పాదంలో "గదికో గోడ" అనే అన్నారు. అంకుల్ తలెత్తి చూశారు. మూడో పాదం దాకా తన మాటలే చెప్పారు. ఆ తర్వాత ఆవిడ చూపు ఆయన మీద పడింది. "ఓర్పొచ్చింది నాకు" అన్నారు. హాలంతా చప్పట్లు.

అంకుల్ హాల్లో ఉండిపోయారు. ఆంటీ నన్ను దింపడానికి బయల్దేరారు. పార్కింగ్‌లోనే, హీటర్ ఇంకా వేడెక్కకముందే, నాలుగు పాదాలూ మళ్ళీ చెప్పారు, ఈసారి విసుగుతోనే. "వచ్చే ఏడాది ఆ మాట అంటానే" అన్నారు.

ఆ వచ్చే ఏడాది రాలేదు. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆవిడకు చూపు తగ్గి డ్రైవింగ్ మానేశారు. ఫోన్ చేసి "కొత్తయి ఏమన్న చెప్పుకున్నరా ఆంటీ?" అని అడిగితే "కారు అమ్మేశాం కదే" అన్నారు. ఫోను స్పీకర్‌లో ఉన్నట్టుంది. "కవితకీ కారుకీ ఏమిటోయ్ సంబంధం?" అని వెనక నుంచి అంకుల్ నవ్వు వినిపించింది.

పోయినేడు ఆవిడ వెళ్ళిపోయారు. సంఘం సంచిక వాట్సాప్‌లో వచ్చింది. ఫోటో కింద ఆ కవిత వేశారు, నీడతోనూ ఓర్పుతోనూ. ఆవిడను చదవబోయేవాళ్ళకు మిగిలింది అదే. ఆ కారులో ఇంకెన్నో విన్నాను. ఒక్కటీ పూర్తిగా గుర్తు లేదు. ఈ నాలుగు పాదాలే ఉన్నాయి నా దగ్గర.

వాటిని నేనూ కాగితం మీద పెట్టలేదు, ఇవాళ్టి దాకా. హీటర్ వాసన రాగానే, ఆగిన బండ్ల మధ్య పైకి చెబుతాను. చివరి పాదం దగ్గర నా గొంతు పెరుగుతుంది. పక్క కారులోవాళ్ళు నేను ఫోన్లో ఎవరితోనో దెబ్బలాడుతున్నాననుకుంటారు.