మెరిల్ అడగని పేరు

ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి ఉత్తరాన ఓ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతోంది మెరిల్. జారిపడే పిల్లల్ని పట్టుకుని పట్టుకుని ఆమె ఎడమ భుజం కాస్త కిందికి వాలిపోయింది. మాట కరుకు. మార్చిలో ఎవరో పాప ఆమె మీద ఫిర్యాదు చేసిందని జిమ్నాస్టిక్స్ సంఘం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. విచారణ తేలేదాకా హాలు గడప తొక్కకూడదన్నారు. ఆరోపణేమిటో మాత్రం చెప్పలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి అలవాటుగా బూట్లు వేసుకునేది, వంటింట్లో కాసేపు కూర్చుని విప్పేసేది. ఏ పిల్లని ఎలా పట్టుకుందో, ఏమని కసిరిందో రోజూ మనసులో తవ్వుకునేది.

తొమ్మిదో వారంలో సూపర్‌మార్కెట్ బయట క్రెయిగ్ ఎదురొచ్చాడు. అతని కూతురు ఆమె దగ్గరే నేర్చుకుంటోంది. "ఎవరి పిల్లో మాకు తెలిసిపోయింది మెరిల్. పేరు చెప్పమంటారా? వాళ్లింటికెళ్లి గట్టిగా అడిగేస్తాం."

"ఊరుకో క్రెయిగ్!" అంది మెరిల్. "నేనేం చేశానో చెప్పండని ఆఫీసు వాళ్లని అడుగుతున్నా, పిల్లని కాదు. రేపు నీ కూతురికి నిజంగా ఏదైనా జరిగితే, అది నోరు విప్పొద్దా?"

ఆగస్టులో, ఆరోపణ రుజువు కాలేదని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం పిల్లలు హాల్లో వరస కట్టారు. వరస పొట్టిగా ఉంది. హాజరు పిలిస్తే ఎవరు మానేశారో, ఆ పాప ఎవరై ఉంటుందో తెలిసిపోతుంది. మెరిల్ పుస్తకం తెరవకుండానే, "ఊఁ, పరుగు మొదలెట్టండి," అంది.