దేవ్లా కుంటిన కుడికాలు

దేవ్లా ముఖం సంగతి ముందే చెప్పేయాలి, జరిగిన గొడవంతా ఆ ముఖం వల్లే కాబట్టి. దమ్మపేట పక్క తండాలో పుట్టిన ఈ దేవ్లా నాయక్ కి దేవుడు కండలు దండిగా ఇచ్చాడు గానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి పరధ్యానంలో పడ్డాడు. కనుబొమలు పక్కలకు జారి ఉంటాయి, పెదవులు కిందికి వంగి ఉంటాయి. పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు కూడా చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి ధైర్యం చెప్పి వెళ్లారట. నవ్వితే మరీ ఘోరం, చూసినవాళ్లు జేబురుమాలు వెతుక్కోవాలి. నిజానికి అతనంత నిశ్చింతగా బతికేవాడు ఆ చుట్టుపక్కల లేడు. తిన్నది అరుగుతుంది, పడుకుంటే నిద్ర పడుతుంది, భార్య రూప్లి తిట్టినా వంటికి పట్టదు.

పని పామాయిల్ తోటల్లో. ముళ్ల గెలను ఇనప ఊచతో పొడిచి, ఎత్తి, ట్రాక్టరు తొట్టిలోకి విసరాలి. ముఠా మేస్త్రి లచ్చయ్య కింద పనిచేసే కూలీలందరిలో దేవ్లా విసిరిన గెలే దూరం పోయేది. అతనికున్న గొప్ప అదొక్కటే, దానితోనే ఇల్లు గడిచేది.

ఇక శారద సంగతి. చర్ల అవతల అడవి ఊరి పిల్ల, దమ్మపేట హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. సెలవులకి ఇంటికి పోయినప్పుడు పాము కరిచింది. ఆ దారుల్లో మంచం మీద మోసుకొచ్చి దవాఖానాకి చేర్చేసరికి ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు దక్కలేదు. చంకకర్రలతో బడికి పోతోంది. వాన పడితే కర్రలు బురదలో దిగబడతాయి, ఆ రోజు బడి మానేయడమే.

ఈ సంగతి డిగ్రీ కాలేజీ విద్యార్థి నాయకుడు వీరబాబు చెవిన పడింది. మనసు వెన్న, ఆగడం మాత్రం తెలియదు. పిల్లకి మంచి పెట్టుడు కాలు కొనిద్దామని చందాల ఉద్యమం మొదలుపెట్టాడు. ఊళ్లో దుకాణాలన్నీ కదిలాయి. బిర్యానీ సెంటరు ప్లేటుకింత అంది, మంగలి షాపు తలకింత అంది, ఎరువుల కొట్టు బస్తాకింత అంది. అందరిదీ ఒకటే షరతు, చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీ మీద తమ ఫొటో ఉండాలి. దానధర్మాలు గుప్తంగా చేసే రోజులు పోయాయి, ఇప్పుడు ఫ్లెక్సీ లేనిదే పుణ్యం ఖాతాలో పడదు.

చుట్టూ దాతల ఫొటోలు కుదిరాయి. నడుమ శారద బొమ్మ పెడదామంటే ఆమె అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"చౌరస్తాల బొమ్మ ఎక్కేది సచ్చిపోయినోళ్లది. నా పిల్ల బతికుంది" అంది.

నాయకుల పుట్టినరోజులు మినహాయిస్తే ఆవిడ మాట నిజమే. ఫ్లెక్సీలు వేసేవాడేమో నడుమ ముఖం లేకపోతే ఎవడూ ఆగి చూడడన్నాడు. వీరబాబు తల పట్టుకుని బండి మీద ఇంటికి పోతుంటే దారిలో ట్రాక్టరు పక్కన దేవ్లా హాయిగా చాయ్ తాగుతూ కనిపించాడు. అంత హాయిలోనూ అతన్ని చూసి వీరబాబు జేబురుమాలు వెతుక్కున్నాడు. ఒక్క ఫొటో తీసుకుంటా బాబాయ్ అన్నాడు. లేబర్ కార్డుకేమో అనుకుని దేవ్లా సర్దుకుని కూర్చున్నాడు, పైగా నవ్వాడు.

ఫ్లెక్సీ లేచింది. నడుమ నిలువెత్తు దేవ్లా నవ్వు. పైన 'కాలు కోసం కదలండి' అని బారెడు అక్షరాలు. కింద శారద పేరు, ఊరు, అన్నీ వేశారు గానీ, ఆఖరి నిమిషంలో చందా రాయించిన సిమెంటు కొట్టాయన ఫొటోకి వేరే చోటు దొరక్క సరిగ్గా ఆ పేరు మీదే అతికించారు.

మర్నాడు దేవ్లా చౌరస్తాలో చాయ్ హోటలుకి వెళితే అందరూ లేచి కుర్చీలిచ్చారు. అందరి చూపులూ అతని కాళ్ల మీదే. కాళ్లు రెండూ ఉన్నాయి. ఇంకో ఊళ్లో అయితే ఇదేంటని అనుమానించేవాళ్లు. మనవాళ్లు అలా కాదు, చందా రాయించినవాళ్లు. తమ మాట మీదే అప్పుడే అప్పుగా కాలు వచ్చేసిందని మురిసిపోయారు. బస్టాండు ఎదుట చెప్పుల దుకాణం బలరాం ముందుకొచ్చి, వంగి, దేవ్లా కుడి పిక్కని గిల్లి చూశాడు.

"వెంట్రుకలు గూడ పెట్టిండ్రు. ఏం పనితనం" అన్నాడు.

గిల్లితే నొప్పి పుట్టి దేవ్లా కాలు వెనక్కి లాక్కున్నాడు. కాలు దానంతటదే కదులుతోందని జనం ఇంకా ఆశ్చర్యపోయారు. ఇది నా కాలే అని అతను మొత్తుకుంటే, అవ్ మరి, ఇక నీదే అన్నారు. గెంతి చూపిస్తే చప్పట్లు కొట్టి, ఒక్కొక్కరే వచ్చి తామూ గిల్లి చూశారు. బలరాం ఎడమకాలికి కొత్త చెప్పు బహూకరించి ఫొటో దిగాడు. రెండోది ఎందుకివ్వలేదంటే, పెట్టుడు కాలికి ముల్లు గుచ్చుకోదు కదా అన్నాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఆ ఉదయమే లచ్చయ్య అతన్ని ట్రాక్టరు దగ్గరికి రానివ్వలేదు. ఆ కాలితో గెల ఎత్తబోయి పడితే కేసు తన మెడకి చుట్టుకుంటుందన్నాడు. తండాలో చెప్పుకుందామంటే అక్కడా ఫ్లెక్సీ ఫొటో ఫోన్లలో తిరుగుతోంది. రూప్లి ఒక్కతే మిరప తోటలకి కూలికి పోతోంది. దేవ్లాకి బతుకులో మొదటిసారి ముఖానికి తగ్గ దుఃఖం వచ్చింది.

కోపంగా కాలేజీకి వెళ్లి వీరబాబుని నిలదీశాడు. వీరబాబు కంగారుగా లేచాడు. ఫ్లెక్సీ ఇప్పుడే చించేస్తానన్నాడు. కాకపోతే దుకాణాల వాళ్లు చందా ఇంకా మాటలోనే ఉంచారు, ముగింపు సభలో చేతికిస్తామన్నారు. ముఖం ఒకరిది, కాలు ఇంకొకరిది అని తెలిస్తే మోసమంటారు. వీరబాబుకి పోటీగా ఉన్న అవతలి విద్యార్థి సంఘం అందుకోసమే కాచుకుని ఉంది. అప్పుడిక పిల్లకి కాలు రాదు.

పిల్లని చూపించమన్నాడు దేవ్లా. హాస్టల్ గేటు దగ్గరికి శారద చంకకర్రల మీద వచ్చింది. చిన్న పిల్ల. వీరబాబు చెప్పిందంతా విని తల దించుకుంది.

"నా కాలు కోసమని నీ పని పోయిందా మామా?"

దేవ్లా పిల్ల ముందు ఏడవకూడదని పళ్లు బిగపట్టుకుని బయటికొచ్చేశాడు. అక్కడినుంచి తండాదాకా కుడికాలు ఈడ్చుకుంటూ నడిచాడు. సభ అయ్యేదాకా కుంటాలని తీర్మానించుకున్నాడన్నమాట.

రూప్లి తమ భాషలో తిట్టగలిగినంత తిట్టింది. కానీ పొద్దున కుడికాలు ఈడ్చిన మొగుడు సాయంత్రం ఎడమకాలు ఈడుస్తూ ఇంటికి రావడం చూసి ఆమెకే భయమేసింది. తిడుతూనే కూర్చోబెట్టి, మరిచిపోకుండా కుడికాలి బొటనవేలికి ఎర్రదారం కట్టింది.

సభ కాలేజీ మైదానంలో పెట్టారు. ముఖ్య అతిథి రైసుమిల్లు యజమాని. ఎంత తక్కువ పడితే అంత తానే వేస్తానని ముందే మాటిచ్చిన పెద్దమనిషి. దేవ్లాని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు పుచ్చుకున్న అతిథికి ఉత్సాహం పొంగింది. నాయక్ ఒకసారి ఆ కాలు తీసి పైకెత్తి చూపిస్తే ఫొటో బాగుంటుందన్నాడు. జనం ముందుకి తోసుకొచ్చారు. వీరబాబు కళ్లు మూసుకున్నాడు. దేవ్లా రెండు చేతులా మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా నిజంగానే పీకేస్తారేమోనన్నట్టు.

వెనక వరసలోంచి చంకకర్రల చప్పుడు వినిపించింది. హాస్టల్ పిల్లల మధ్య కూర్చున్న శారద లేచి వస్తోంది. మెట్లు ఎవరి సాయమూ లేకుండా ఎక్కి మైకు దగ్గర నిలబడింది.

"ఆయనకు రెండు కాళ్లు ఉన్నయి. కాలు లేనిది నాకు. నా కోసమే ఆయన కుంటుతుండు" అంది.

మోసమని అరుస్తారనుకున్నాడు వీరబాబు. కానీ ఊళ్లో సగం మంది ఆ పిక్కని స్వయంగా గిల్లి చూసినవాళ్లు. తమ చేతులనే కాదనుకుంటారా? ఈ పిల్లని అవతలి సంఘం వాళ్లు పంపారని గుసగుసలు బయలుదేరాయి. అవతలి సంఘం వాళ్లు తామెప్పుడు పంపామా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతిథి చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు.

"పంచాయితీ ఎందుకు? ఈ పిల్లకొక కాలు, నాయక్ కి ఇంకో కొత్త కాలు. రెండూ నా లెక్కల రాసుకోండి."

చప్పట్లు మోగాయి. వేదిక మీద నిజం చెప్పినా చెల్లని రోజు అది. పుట్టి బుద్ధెరిగాక మైకు ముట్టుకోని దేవ్లా అప్పుడు లేచాడు.

"నా కాలు గూడ గీ పిల్లకే ఇయ్యుండ్రి. పెరిగే పిల్ల. మా కొడుకు మోతీగానికి ఏడాదికోసారి చెప్పులు మారుస్తం. ఆమెకు గీ కాలు పొట్టిదైన నాడు, ఆ రెండోది కావాలె గదా."

త్యాగమంటే ఇదీ అని జనం కళ్లొత్తుకున్నారు. బలరాం పరిగెత్తుకుంటూ వెళ్లి రెండో చెప్పు తెచ్చిచ్చాడు.

కాలు దానం చేసేశాడు కాబట్టి దేవ్లాకి ఇప్పుడసలు కాలే లేదని ఊరు నమ్మింది. ఇది ఇంకా ముప్పు అనుకున్నాడతను. చిత్రంగా లచ్చయ్యే మర్నాడు కబురు పెట్టాడు. కాలే లేకుండా ఇంత నిటారుగా నిలబడ్డ మనిషి గెలలు మోయలేడా అన్నది అతని వాదన. ఈ లెక్క మీకు అర్థం కాకపోతే నన్నడగొద్దు, నాకూ కాలేదు. ఇంట్లో మాత్రం పొయ్యి వేళకి వెలిగింది.

అసలు చిక్కు వేరే ఉంది. కుంటడం ఆగలేదు. ఎర్రదారం విప్పేసినా కుడికాలు ఈడ్చుకుంటూనే వస్తోంది. గెల ఎత్తితే ఒళ్లు పక్కకి ఒరుగుతోంది. ముఠాలో అందరికన్నా దూరం పోయే గెల తొట్టి అంచుకి తగిలి కిందపడుతోంది. మామూలుగా నడవాలని ఎంత గట్టిగా అనుకుంటే అంత కుంటుతున్నాడు.

ఖమ్మంలో కాలు అమర్చుకుని, నడక నేర్చుకుని శారద తిరిగొచ్చింది. వాన పడిన మర్నాడు కర్రల్లేకుండా తండాకొచ్చింది. దూరంనుంచి ఆమె నడక చూసి దేవ్లా ఎదురెళ్లాడు, కుంటుకుంటూ. పిల్ల ఆగిపోయి, అతని కాలు చూసి, పడీపడీ నవ్వింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది.

"ముందు మడమ ఆనియ్యి మామా. తర్వాత వేళ్లు. కిందికి చూడకు, ముందుకి చూడు. నాకు గట్లనే నేర్పిండ్రు."

బురద దారిలో ఇద్దరూ మెల్లగా నడిచారు. పిల్ల కాలు తిన్నగా పడుతోంది, పెద్దాయనది తడబడుతోంది. నాలుగడుగులు సరిగ్గా పడేసరికి దేవ్లా ముఖమంతా వంకరపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి మీద పోతున్న బలరాం ఆగి, ఎందుకేడుస్తున్నావు నాయక్, కాలు నొస్తుందా అని అడిగాడు.

శారద మాత్రం తలెత్తకుండానే అంది, "నవ్వింది చాలు మామా. కాలు సరిగ్గ వెయ్యి."