వడ్ల మీద రాముడు

బుల్లెమ్మకు దేవుడంటే భక్తి లేదని బాళగనూరు పక్క, ఆంధ్రా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో అందరూ అంటారు. అది అబద్ధం. ఆమెకు దేవుడంటే కోపం. కోపమన్నది ఊరికే వస్తుందా? ఎదురుగా ఉన్నవాడి మీదే వస్తుంది. అరవై దాటినా పొద్దున్న లేచింది మొదలు ఆయనతో తగువే. పాలు పొంగిపోతే "చూస్తూ కూర్చున్నావా, చెప్పకూడదూ?" అంటుంది. కాలవ నీళ్ళు రాకపోతే "ఎక్కడ చచ్చావయ్యా?" అంటుంది. మొగుడు పోయిన రోజున ఏమందో మాత్రం ఇక్కడ రాయకూడదు.

కిందటేడు దాళ్వా పంట వడ్లు అకాల వానకు ఆరబోసిన చోటే నాని మొలకలెత్తాయి. అది కౌలు చేను, కౌలు బాకీ పడిపోయింది. "ఈసారి కూడా ఇట్లాగే చేస్తే వేరేవాళ్ళకిచ్చేస్తాను" అని చేనుగలాయన తేల్చి చెప్పేశాడు. చేను పోతే కూలికి పోవాల్సిందే. ఈ వయసులో ఆమెను కూలికి పిలిచేదెవరు? అందుకే ఈ ఏడు రామాలయం ముందు సిమెంటు రోడ్డు మీద వడ్లు పోసి, కాకిని కూడా వాలనివ్వకుండా కాపలా కాస్తోంది.

రేపు శ్రీరామనవమి. గుళ్ళో మైకులో ప్రవచనం సాగుతోంది. "దేవుడు అణువణువునా ఉన్నాడమ్మా, చూసే కళ్ళుండాలి!"

కాళ్ళతో వడ్లు తిరగేస్తున్న బుల్లెమ్మకు ఒళ్ళు మండింది. "ఉంటే వచ్చి ఓ చెయ్యి వెయ్యమను. ఎండకి నా మాడు పేలిపోతోంది" అంది.

మధ్యాహ్నానికి పడమట మబ్బు కమ్మింది. బుల్లెమ్మ, కూలికొచ్చిన నింగప్ప కలిసి వడ్లన్నీ కుప్పకు లాగారు. బరకం కప్పితే సగానికే వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. బుల్లెమ్మ దిక్కులు చూసింది. గుడి గేటు దగ్గర వెదుళ్ళకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. పైన సీతారాములు, కింద గుడి కమిటీ పెద్ద నాగేంద్రబాబు. నిజం చెప్పాలంటే రాముడి విల్లు కంటే నాగేంద్రబాబు మీసమే పెద్దది.

కొడవలితో తాళ్ళు తెగ్గోసేసింది.

"ఏందమ్మా గిట్ల జేస్తివి! దేవుడు గదనమ్మా!" నింగప్ప లెంపలేసుకున్నాడు.

"దేవుడు కాబట్టే తీశా. పట్టు ఆ పక్క!"

ఫ్లెక్సీ పై అంచు బరకం కిందికి దోపి, చెరో పక్కా అదిమి పట్టుకున్నారు. కింది అంచు గాలికి కొట్టుకుంటోంది. ఇంతలో గొడుగేసుకుని నాగేంద్రబాబు పరుగున వచ్చాడు.

"బుల్లెమ్మత్తా, మతుండే చేస్తున్నావా? రేపు కల్యాణం పెట్టుకుని దేవుణ్ణి వడ్ల మీద పడేస్తావా? తియ్యి ముందు!"

"తియ్యను. పొద్దుట్నించీ అన్నిట్లో ఉన్నాడని చెవులు చిల్లులు పడేట్టు వాయించారుగా. నా వడ్లల్లో లేడా? మీ మైకులోనే ఉన్నాడా?"

"అపచారం! ఆయన మొహం మీద వాన పడుతోంది!"

"పడనీ. పద్నాలుగేళ్ళు అడవిలో తడిసినవాడు ఈ పూట తడిస్తే అరిగిపోడు. నీ మొహం తడుస్తోందనిరా నీ ఏడుపు!"

నింగప్ప నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. నాగేంద్రబాబుకు పౌరుషం పొడుచుకొచ్చింది. గొడుగు పడేసి ఫ్లెక్సీ లాగెయ్యడానికి వంగాడు. అదే సమయానికి ఈదురుగాలి కొట్టింది. కింది అంచు బారెడు పైకి లేచి, ఆరిన వడ్లు బయటపడ్డాయి. వాటి మీద వాన టపటపా పడింది.

నాగేంద్రబాబు కమిటీ పెద్దయింది మొన్న. రైతు మాత్రం పుట్టినప్పట్నించీ. తడుస్తున్న వడ్లు చూడగానే "అయ్యయ్యో" అన్నాడు. చేతికందిన అంచును పీకెయ్యలేదు, కిందికి గుంజి కుప్పకు అదిమాడు. ఇస్త్రీ పంచెతో సహా తన బొమ్మ మీదే మోకాళ్ళేసి కూలబడ్డాడు.

వాన నెమ్మదించేదాకా ముగ్గురూ కదల్లేదు. తర్వాత బుల్లెమ్మ ఫ్లెక్సీ కిందినుంచి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వడ్లు పొడిగా, ఇంకా ఎండ వేడితోనే ఉన్నాయి.

ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ తిడితే ఇవాళ పలికాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వెనకే కోపమూ ముంచుకొచ్చింది. కిందటేడు ఎక్కడికి పోయాడు ఈయన? పోనీ ఇప్పుడైనా, వచ్చి వచ్చి ఈ నాగేంద్రబాబులోకా రావడం? క్యాంపు మొత్తంలో ఇంకో మనిషే దొరకలేదా? ఇప్పుడు ఈ మీసాలకు దణ్ణం పెట్టాలా తను?

నాగేంద్రబాబు లేవబోయాడు.

"కూర్చో అక్కడే!" కసిరింది బుల్లెమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంకా చినుకులు పడుతున్నాయి."