రెండో సీసాలోని బంగారునీళ్లు

రోజూ పొద్దున్నే పంపు తిప్పకముందు ఆమె తొట్టి ఎదుట నిలబడి చేతులు జోడించేది. "నా చేతిమీదుగా ఎవరికీ కీడు జరగనీయకు తండ్రీ" అనుకున్నాకే మొదటి సీసా అందుకునేది. పరీక్షశాలలో పంతొమ్మిదేళ్లుగా గాజు సామాను కడుగుతున్న ఆమెను అందరూ సీసాలక్క అనేవారు. ఎవరైనా సీసా పగలగొడితే తిట్టేది కాదు, ముందు వాళ్ల వేళ్లు చూసేది.

అక్కడి పని ఆమెకు తెలిసినంతలో ఇది. కంటికి ఆనని బంగారు నలుసులకు ఒక గుర్తు అంటిస్తారు. నెత్తుట్లో రోగపు జాడ ఉంటే అవి వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. లేజరు వెలుగు పడగానే ఆ గుర్తు యంత్రం తెరమీద తన గీతలు చూపిస్తుంది; రోగం లేకపోతే గీతలు రావు. నలుసులు కలిసిన నీళ్లు ద్రాక్షరసంలా ఎర్రగా ఉండాలి. సీసాలో పిసరంత ఉప్పు మిగిలినా అవి ఒకదానికొకటి కరుచుకుని నీలంగా మారి, ఎందుకూ పనికిరాకుండా పోతాయి. అందుకే ఆఖరున శుద్ధజలంతో మూడుసార్లు కడగాలి. వెలుగు తగలకూడదని ముదురురంగు సీసాల్లో ఉంచుతారు, లోపలి రంగు బయటికి తెలియదు.

ఈసారి వచ్చిన పన్నెండు నెత్తుటి నమూనాల్లో చివరిది ఆమె తోడికోడలిది. కడుపులోంచి కోసి తీసిన గడ్డ మళ్లీ మొలుస్తోందని డాక్టరుకు అనుమానం. ఉందని తేలితే ఒక్కరోజు కూడా ఆగకుండా మందు మొదలుపెట్టాలి.

మధ్యాహ్నం తోడికోడలే ఫోన్ చేసింది.

"అక్కా, గీతలు లేవట. నేను పోతే నా చీరలు నీకేనని ఆశపడ్డావుగా, ఇక మరిచిపో."

"ఒక్కటైనా వెలిసిపోనిది ఉందా, ఆశపడడానికి?" అంది సీసాలక్క, కళ్లు తుడుచుకుంటూ.

కాసేపటికి, ఆ పన్నెండింటికీ బంగారునీళ్లు పోసిన సీసాలు రెండూ ఖాళీ అయి తొట్టికి వచ్చాయి. మొదటిది వంచితే అడుగుచుక్క ఎర్రగా జారింది. రెండోది నీలంగా జారింది.

ఆమెకు గుర్తొచ్చింది. నిన్న శుద్ధజలం సన్నగా వస్తుంటే, తోడికోడలికి తోడుగా ఆసుపత్రికి పోవాలన్న తొందరలో ఆ సీసాను మామూలు పంపు కింద కడిగి బోర్లించింది. ఒక్కసారికేమవుతుందిలే అనుకుంది.

సీసా పట్టుకుని, పరీక్షలు చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"రెండో సీసాతో ఎవరెవరివి చేశారమ్మా?"

"చివరి మూడూ. రోగం ఉందని ముందే తెలిసిన, సరిచూసుకునే నమూనా మొదటి సీసాతోనే చేశాం, బాగానే వచ్చింది. ఏమైంది అక్కా?"

సీసాలక్క తెల్లకాగితం మీద చుక్క వేసి చూపించింది. "పంపునీళ్లతో కడిగాను. నేనే."

ఆ అమ్మాయి తన కుర్చీ ఆమెవైపు జరిపింది.

"అయితే గీతలు లేవన్నది లెక్కలోకి రాదు. నెత్తురు మళ్లీ తీయాలి. డాక్టరుకు చెప్పాలి, పైవాళ్లకు మీ పేరుతో రాయాలి."

"రాయండి. డాక్టరుకూ ఇప్పుడే చెప్పండి."

అమ్మాయి ఫోన్ అందుకుంది. సీసాలక్క తడిచేత్తోనే ఆ చేతిని పట్టుకుంది.

"ఇంటికి మాత్రం చేయొద్దు తల్లీ. ఒక్క సాయం చెయ్యి. మా తోడికోడలు నెలనాళ్లకు ఇవాళ ఆకలేసి కంచం ముందు కూర్చుందట, ఇప్పుడే మా మరిది ఫోన్లో చెప్పాడు. ఆ నాలుగు ముద్దలూ తిననివ్వు. తర్వాత నేనే వెళ్లి చెబుతాను."